ఫారంల ఎవరి పేరు

జూన్ 8, ఆదివారం

ఇంగ్లీష్‌ల రాస్తే కోపం రాదు, ఎగ్జామ్ రాసినట్టు ఉంటది. గందుకే తెలుగుల రాస్తున్న. తప్పులు పోతే పోనీ, దిద్దేటోళ్ళు ఎవరున్నరు.

డాడీ టార్గెట్ కొట్టిండు. మూడేండ్ల నుంచి చంపాపేట్ షాపుల పెయింట్ డబ్బాల నడుమ కూసొని ఒకటే పాట, ఈసారి టూర్ మనదే, ఈసారి టూర్ మనదే అని. ఒచ్చింది. సింగపూర్ పోవాలె, ఆడ షిప్ ఎక్కాలె, నాలుగు రోజులు సముద్రం. కంపెనీ డీలర్లకు, వాళ్ళ భార్యలకు ఫ్రీ. పిల్లలకు మనమే పెట్టుకోవాలె. డాడీ నాకు కూడ టికెట్ తీసుకున్నడు. నన్ను అడగలె. అడిగితే ఏమంటుంటి?

నానమ్మ రానన్నది. "నీళ్ళ మీద పండుకునుడేందిరా యోగేందర్, చేపల లెక్క."

అందరు నవ్విన్రు. నేను కూడ నవ్విన. అమ్మ నా దిక్కు చూసింది. నేను అమ్మ దిక్కు చూడలె.

అయినంక డాడీ ఫోన్ తెచ్చి నా ఒడిల ఏసిండు. "ఇన్సూరెన్స్ ఎవరిది వాళ్ళే తీసుకోవాలంట. ఇరవై ఎనిమిది లోపల కాపీ పంపాలె. అంతా ఇంగ్లీష్‌ల ఉన్నది, నువ్వే చూసి మంచిది తియ్యి బిడ్డా. గిన్నేండ్లు ఇంగ్లీష్ మీడియం ఎందుకు చదివించిన మరి?"

ఇందుకా.

జూన్ 9, సోమవారం

దాని పేరు రాయాలంటే చెయ్యి ఒస్తలేదు. రాస్త.

ఫిట్స్. ఫిట్స్ ఫిట్స్ ఫిట్స్. చూడు, రాసిన. ఏం కాలె.

ఫిబ్రవరి పదకొండున బాత్రూంల మొదటిసారి. మల్ల ఏప్రిల్‌ల, పరీక్షలప్పుడు రెండు రాత్రులు సరిగ్గ పండుకోలె, మూడో రోజు పొద్దున వంటింట్ల. రెండు సార్లు ఇంట్ల అమ్మ ఒక్కతే ఉన్నది. డాడీ షాపుల, నానమ్మ భజనకు పోయింది. నాకేం గుర్తుండదు. లేచేసరికి నా పిడికిట్ల బీరువ తాళాల గుత్తి ఉన్నది, అమ్మ పెట్టింది. ఇనుము పెడితే తగ్గుతదంట. తాళాల అచ్చు అరచేతిల మూడు రోజులున్నది. డాక్టర్ తిట్టింది, అట్ల పెట్టొద్దు, పక్కకు ఒరిగించి పండపెట్టాలె అని.

దవాఖాన కూడ దిల్‌సుఖ్‌నగర్‌ల కాదు, సికింద్రాబాద్ అవుతల. ఎవరికీ కనపడొద్దని. అంత దూరం పోతే ఓపీ కౌంటర్ లైన్ల మా ముంగట ఎవరు? మా ఎదురింటి ఉదయలక్ష్మి ఆంటీ. మోకాళ్ళ నొప్పులకు ఒచ్చింది.

"ఏమ్మా స్వప్నా, నువ్వేంటి ఇక్కడ? పిల్లకేమైనా బాలేదా?"

"పిల్లకేం లేదక్కా. నాకే. తలనొప్పి."

అప్పుడే కౌంటర్‌ల అతను గట్టిగ, "పేషెంట్ పేరు?"

ఆంటీ మా పక్కనే నిలబడి ఇంటున్నది. అమ్మ, "స్వప్న" అన్నది. తన పేరు. "వయసు?" అంటే మాత్రం ఆంటీ టోకెన్ కోసం అటు తిరిగింది, అమ్మ మెల్లగ "పదహారు" అన్నది. గోలీల డోసు వయసు మీద ఉంటది గద.

గట్ల అయింది. అప్పటికెళ్ళి ఆ డాక్టర్ దగ్గర నేను మా అమ్మని. "స్వప్నా, గోలీలు టైముకు వేసుకుంటున్నవా? స్వప్నా, నిద్ర తప్పొద్దు, నిద్ర తప్పితేనే నీకు ఒస్తది." నేను ఆ ఆ అంట. ఒక్కసారి కూడ, మేడం నా పేరు తేజస్విని, అనలె. చీటీలు, రిపోర్టులు అన్నీ స్వప్న పేరు మీద. చీటీల ఫైల్, గోలీలు అమ్మ మగ్గం దారాల డబ్బాల, బంగారు జరీ కింద.

దాచుడు అమ్మ ఒక్కతే చేసిందని రాస్తే అది అబద్ధం. నేను కూడ దాచిన. నానమ్మకు తెలిస్తే ఏమైతదో నాకు తెలుసు. మెట్రో బంద్, కాలేజ్ బంద్, ఒక్కదాన్ని పోవుడు బంద్. ఇప్పటికే బాత్రూంల గడియ పెట్టను. అమ్మ బయట బట్టలు మడత పెట్టినట్టు చేస్కుంట "తేజూ" అంటది, నేను "ఆ" అంట. స్నానం అయ్యేదాంక పది సార్లు. తేజూ. ఆ. తేజూ. ఆ.

ఒక్కోసారి కావాలని పలకను. అమ్మ తలుపు నూకుతది. అప్పుడు, "ఏంది, సబ్బు నోట్ల పోయింది" అంట.

నేను మంచిదాన్ని కాదు.

జూన్ 11

డాడీ: "అయిందా?" నేను: "చూస్తున్న."

జూన్ 12, గురువారం

చూసిన. మొత్తం చూసిన. నాకంటె ఎక్కువ ఎవరూ చూసి ఉండరు.

మా ఫ్లైట్లు రెండు. ఇక్కడి నుంచి చెన్నై సాయంత్రం. చెన్నైల ఆరు గంటలు కూసోవాలె. అర్ధరాత్రి దాటినంక సింగపూర్ ఫ్లైట్. పొద్దున దిగుతం, మధ్యాహ్నం షిప్ ఎక్కుతం. అంటే రాత్రంతా నిద్ర లేదు. కుర్చీల కూసొని. తెల్లారి నడి సముద్రంల నేను.

టికెట్లు కూడ ఒక్కటి కాదు, రెండు వేరే వేరే. సస్తగ, తక్కువ ధరకు ఒస్తయని కంపెనీ ఏజెంట్ అట్ల తీసుకున్నడు. మొదటిది లేటయి రెండోది పోతే ఆ ఏర్‌లైన్ వాడు మాకేం సంబంధం అంటడు. షిప్ ఎవరి కోసం ఆగదు.

మొదటి పాలసీ అన్నిట్ల సస్త. దాంట్ల షిప్ అన్న మాటనే లేదు. రెండోదాంట్ల షిప్ ఉన్నది గని, కనెక్షన్ పోతే ఇచ్చేది ఒకటే టికెట్ మీద ఉన్న ఫ్లైట్లకే. మనది కాదు. మూడోదాంట్ల అన్నీ ఉన్నయ్. వేరే టికెట్లైనా కనెక్షన్ పోతే ఇస్తరు, షిప్ మీద డాక్టర్ బిల్లు ఇస్తరు, బాగా సీరియస్ అయితే షిప్ నుంచి ఒడ్డుకు తీస్కపోయే ఖర్చు కూడ. డాడీకి చూపెట్టాల్సింది మూడోది. ఐదు నిమిషాల పని.

మూడిట్ల ఒకటే ప్రశ్న. ప్రయాణం చేసేటోళ్ళల్ల ఎవరికన్నా ముందు నుంచి ఏదన్నా జబ్బు ఉన్నదా? ఎస్, నో. కింద చిన్న అక్షరాల, దాచి పెడితే క్లెయిమ్ చెల్లదు.

కాలేజ్ అయినంక దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల మీద కూసొని హెల్ప్‌లైన్‌కు ఫోన్ కొట్టిన. మా ఫ్రెండ్ గురించి అని చెప్పిన.

"చెప్పండి మేడం, మీ ఫ్రెండ్ వయసెంత?"

"సిక్స్‌టీన్."

"ముందే డిక్లేర్ చేస్తే ఎమర్జెన్సీ వరకు కవర్ అవుతుంది మేడం. చేయకపోతే అవ్వదు. మందులు తీసుకెళ్తే ప్రిస్క్రిప్షన్ ఉండాలి, పేరు పాస్‌పోర్ట్‌తో మ్యాచ్ అవ్వాలి. మీ ఫ్రెండ్ ప్రిస్క్రిప్షన్ ఎవరి పేరు మీద ఉంది?"

"వాళ్ళ అమ్మ పేరు మీద."

కింద బస్సుల హారన్లు.

"మరి జబ్బు ఎవరికి మేడం?"

కట్ చేసిన.

జూన్ 14, శనివారం

అమ్మకు చెప్పిన. మగ్గం ముంగట కూసొని పెండ్లి బ్లౌజ్‌కు నెమళ్ళు కుడుతున్నది. దిల్‌సుఖ్‌నగర్ షాపులోళ్ళకు నెమళ్ళు మా అమ్మంత మంచిగ ఎవరు కుట్టరు. పొద్దున స్కూటీ మీద పోయి సరుకు తెచ్చుకుంటది, సాయంత్రం ఇచ్చేసి ఒస్తది. ఆ అర్ధగంట స్కూటీ అంటే ఆమెకు మస్తు ఇష్టం.

"నో కొడితే నాకేమన్నా అయితే ఎవరు పట్టించుకోరు అమ్మా. షిప్ మీద దవాఖాన బిల్లు ఎంతయితదో తెలుసా?"

"నీకేం కాదు."

"అయితే?"

"గోలీలు ఏసుకుంటున్నవ్ గద, కాదు."

"రాత్రంతా చెన్నైల కూసోవాలె. డాక్టర్ ఏమన్నది?"

సూది ఆగింది. దాన్ని గుడ్డకు గుచ్చి అన్నది, "నాకున్నదని కొట్టు. చీటీలు నా పేరు మీదనే ఉన్నయ్ గద. గోలీలు నా బ్యాగుల ఒస్తయ్. ఎవరూ ఏమనరు."

"నువ్వు పడిపోవు అమ్మా. నేను పడిపోత."

"పడిపోతే నేను పట్టుకుంట."

"సముద్రంల?"

"యాడైనా."

ఇసొంటి మనిషితోని ఏం కొట్లాడాలె? తలుపు గట్టిగ ఏసి నా రూంలకు ఒచ్చిన. కోపం. ఆమె మీద మస్తు కోపం. ఆ మాటకు నాకు ఏడుపు ఒచ్చేటట్టు చేసింది, అందుకు ఇంకా కోపం.

జూన్ 15, ఆదివారం

డాడీ షాపు లాప్‌టాప్ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టిండు. నేను కుర్చీల, డాడీ నా ఎనక. నానమ్మ సోఫాల గోకరకాయ ఈనెలు తీస్తున్నది. అమ్మ వంటింట్ల.

మూడోది తెరిచి అంతా చెప్పిన. డాడీకి నచ్చింది. "శభాష్. చెన్నైల లేటయితే పైసలొస్తయన్నట్టు." పేర్లు, పాస్‌పోర్ట్ నంబర్లు కొట్టిన. తర్వాత ఆ ప్రశ్న.

"ఏందది?"

నేను ఏమన్నా చెప్పొచ్చు. ఏ హోటల్ల ఉంటరని అడుగుతున్నరు అంటే నమ్ముతుండె. ఉన్నదున్నట్టు చెప్పిన. ఎందుకు చెప్పిన్నో తెల్వదు.

"జబ్బులా? మనకెవరికున్నయ్? నో కొట్టు."

కొట్టలె.

"ఏమాయె? నెట్ పోయిందా?"

"అబద్ధం చెప్తే పైసలు ఇయ్యరంట డాడీ."

"అబద్ధం ఎవరు చెప్తున్నరు ఇప్పుడు?"

అమ్మ వంటింట్లకెళ్ళి ఒచ్చింది. చేతిల అట్లకాడ, దాని కొసకు పిండి.

"నాకున్నది" అన్నది.

"ఏమున్నది?"

"ఫిట్స్. ఫిబ్రవరి నుంచి గోలీలు ఏసుకుంటున్న. మీకు చెప్తే పరేషాన్ అయితరని చెప్పలె. నా పేరు పక్కన ఎస్ కొట్టు తేజూ."

ఇంత మామూలుగ. ఉప్పు అయిపోయింది అన్నట్టు. ఆమె లెక్క ఏందో నాకు తెలుసు. గోలీలు షిప్ ఎక్కాలె, అంతే.

నానమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఫిబ్రవరి అంట! ఈ వయసుల కొత్తగ పుట్టుకొస్తదారా ఫిట్స్? చిన్నప్పటికెళ్ళి ఉన్నదే ఇది. దాచి పెట్టి అంటగట్టిన్రు నీకు."

"లేదత్తమ్మా, మొన్నటికెళ్ళే..."

"నోరు ముయ్యి. పద్దెనిమిదేండ్లు నా కొడుకును మోసం చేసిన్రు మీరు, మీ అయ్య."

డాడీ లాప్‌టాప్ మూసిండు. నా వేళ్ళు ఇంకా దాని మీదనే ఉన్నయ్.

ఇప్పుడు చెప్పాలె అనుకున్న. ఇప్పుడు. ఇప్పుడు. అట్ల అనుకుంటనే ఉన్న. దోశ మాడిన వాసన ఒచ్చింది, అమ్మ లోపలికి పోయింది.

జూన్ 16

రాయను.

జూన్ 17, మంగళవారం

స్కూటీ తాళం డాడీ జేబుల ఉన్నది.

"రోడ్డు మీద పడితే ఎవరు జిమ్మేదారు?" అన్నడు. అంతే. మూడు రోజుల్ల డాడీ అమ్మతోని అన్న ఒకే ఒక్క మాట. నానమ్మ అమ్మను గ్యాస్ దగ్గరికి పోనిస్తలేదు. తానే వండుతున్నది. ఉప్పెక్కువ, కారం ఎక్కువ, మధ్యల తిట్లు ఇంకా ఎక్కువ.

ఉదయలక్ష్మి ఆంటీ ఒచ్చి నానమ్మకు సాక్ష్యం కూడ చెప్పి పోయింది. "అవునండీ అండాలమ్మ గారూ, నేను కళ్ళారా చూశాను. ఓపీలో స్వప్న అని పేరు కూడా చెప్పింది. తలనొప్పి అంది గానీ, ఆ బ్లాకులో తలనొప్పికి చూడరండి, అందరూ నరాల డాక్టర్లే."

పోలీసులు కూడ ఇంత పక్కా కేసు పెట్టరు.

నానమ్మ చేస్తున్నయ్ అన్నీ చూస్తున్న. గ్యాస్ బంద్, స్కూటీ బంద్, ఒక్కతే బయటికి పోవుడు బంద్. నాకు ఏమేం అయితదని భయపడ్డనో అవన్నీ ఒరుసగ అమ్మకు అయితున్నయ్. ఒక్కటి తప్పలె.

బాత్రూం బయట మాత్రం అమ్మ నిలబడ్తనే ఉన్నది. తేజూ. ఆ.

జూన్ 18

రేపు చెప్త.

జూన్ 19

ఫిజిక్స్ టెస్ట్ ఉండె. రేపు.

జూన్ 20, శుక్రవారం

అసలు నేనెందుకు చెప్పాలె? ఆమెనే అన్నది. నేను అనమన్ననా? నేను కాళ్ళు మొక్కి అడిగిన్నా? ఆమెకు అదే ఇష్టం. పెద్దమనిషి, ఆమెకు తెల్వదా?

ఇయ్యాల అమ్మ నాతోని మెట్రోల ఒచ్చింది, సరుకు తెచ్చుకోనీకి. బస్తా లెక్క బట్టల మూట ఒడిల పెట్టుకొని కూసున్నది. చైతన్యపురి దాటినంక అన్నది, "మెట్రో మంచిగనే ఉన్నది తేజూ. ఏసీ."

ఆమె చెయ్యి గట్టిగ పిసికేద్దామన్నంత కోపం ఒచ్చింది.

"దిగు, స్టేషన్ ఒచ్చింది" అన్న.

జూన్ 21, శనివారం

డాడీ తాతను పిలిపిచ్చిండు. అమ్మ వాళ్ళ నాన్న, పోచయ్య తాత. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి రేపు పొద్దుగాల ఒస్తడు. కూసోబెట్టి అడుగుతరంట, పెండ్లికి ముందు ఎందుకు చెప్పలేదని.

తాతకు ఎందుకు పిలిచిన్రో తెల్వదు. ఫోన్ల నాతోని అంటున్నడు, "షిప్ ఎక్కబోతున్నరట గద బిడ్డా, గందుకేనా పిలుస్తున్నరు?"

అవును తాతా అన్న.

జూన్ 22, ఆదివారం

మొత్తం రాస్త. ఒక్క ముక్క ఇడిచిపెట్టను.

తాత ముంజల సంచి తెచ్చిండు. చివరి ముంజలు బిడ్డా, జర ముదిరినయ్ అన్నడు. ఎవరు తీసుకోలె. సంచి కుర్చీ పక్కన పెట్టుకున్నడు, నీళ్ళు కారి టైల్స్ మీద మడుగు అయింది. ముందు తలుపు బార్లా తెరిచి ఉన్నది. ఎదురుగ ఉదయలక్ష్మి ఆంటీ తన వాకిట్ల ఎండిన బట్టలు మడత పెడ్తున్నది, ఒక్క చీరను నాలుగు సార్లు.

డాడీ మర్యాదగనే అడిగిండు. "మామా, ఒక్క మాట. స్వప్నకు ఫిట్స్ ఉన్న సంగతి మీకు ఎప్పటికెళ్ళి తెలుసు?"

తాత నవ్విండు, జోక్ అనుకున్నడు. "ఫిట్సా? నా బిడ్డకా? గదేం మాట అల్లుడా."

"ఆమెనే ఒప్పుకున్నది అన్నా" అన్నది నానమ్మ. "ఇంకా దాస్తవేంది? ఆరోగ్యం మంచిగున్న పిల్ల అని చెప్పి ఇచ్చినవ్ గద ఆనాడు. గీ మనుమరాలికి కూడ ఒస్తే ఎవరికి చెప్పుకోవాలె మేము?"

తాత అమ్మ దిక్కు చూసిండు. "స్వప్నా?"

అమ్మ తల వంచుకొని కాలి బొటనవేలుతోని నేల గీకుతున్నది. అవును అన్లె, కాదు అన్లె. తాత, బిడ్డ ఏదో కారణం లేంది అట్ల నిలబడదు అనుకున్నడేమో. మెల్లగ కుర్చీలకెళ్ళి లేచిండు. రెండు చేతులు జోడించిండు.

"ఉండెనేమో చెల్లె. మాకు తెల్వకుంటనే ఉండెనేమో. పొలం పనుల పడి పట్టించుకోలేదేమో. తప్పు మాదే. నా బిడ్డను ఏం అనకురి."

లేని జబ్బుకు.

"తాతా, చేతులు దించు" అన్న. "చేతులు దించు! అమ్మకేం లేదు. నాకు. ఫిట్స్ నాకు ఒస్తయ్."

అమ్మ "తేజూ" అన్నది. ఈసారి నేను ఆ అన్లె.

డాడీ నన్ను చూసి జాలిగ తల ఊపిండు. "లోపలికి పో బిడ్డా. అమ్మను కాపాడాలని నువ్వట్ల చెప్పొద్దు."

"అమ్మ బిడ్డ గద, అమ్మ దిక్కే మాట్లాడ్తది" నానమ్మ.

నమ్ముతలేరు! నాలుగు నెలలు నేను నోరు కుట్టుకున్న, తీరా చెప్తే నమ్ముతలేరు. ఉరికిన. జరీ దారాలన్నీ మంచం మీద గుమ్మరించి, ఫైల్ తెచ్చి డాడీ ఒడిల ఏసిన. "సదువు. పేరు కాదు, దాని పక్కన సదువు."

డాడీ అద్దాలు పెట్టుకున్నడు. "స్వప్న. ఫీమేల్." ఆగిండు. "సిక్స్‌టీన్." మల్ల చదివిండు. ఇంకో కాయితం తీసిండు, దాంట్ల కూడ సిక్స్‌టీన్. బాత్రూం, ఏప్రిల్, తాళాల గుత్తి, అన్నీ చెప్పిన. అమ్మ తాత పక్కన కింద కూసొని కొంగు నోట్ల కుక్కుకున్నది.

ఇప్పుడు డాడీ మొట్టమొదలు చేసిన పని ఏందో రాస్తున్న, నేను ఎప్పటికీ మర్చిపోవద్దని. లేచిండు. నా దగ్గరికి రాలె. అమ్మ దగ్గరికి రాలె. పోయి ముందు తలుపు ఏసిండు. గడియ పెట్టిండు.

అమ్మను నిలబెట్టి అడిగినంత సేపు ఆ తలుపు తెరిచే ఉండె.

తర్వాత ఒచ్చి నా తల మీద చెయ్యి పెట్టిండు. "ఎవ్వరికి చెప్పకు బిడ్డా" అన్నడు. "మన అయిదుగురు తప్ప ఈ ముచ్చట బయటికి పోవద్దు."

జూన్ 23

స్కూటీ తాళం ఫ్రిడ్జ్ మీద ఉన్నది. ఎవరు పెట్టిన్రో ఎవరు చెప్పలె. సారీ అని కూడ ఎవరు చెప్పలె.

బాత్రూం బయట ఇప్పుడు ఇద్దరు నిలబడ్తున్నరు. "తేజూ" అంటది అమ్మ. "సప్పుడు చెయ్యవేందే" అంటది నానమ్మ. ఇట్లయితే నేను జబ్బుతోని కాదు, స్నానంతోనే చస్త.

జూన్ 24, మంగళవారం

దవాఖానకు పోయినం. డాడీ కూడ ఒచ్చిండు. కౌంటర్‌ల పేరు నేనే చెప్పిన, గట్టిగ. డాక్టర్ అమ్మను చెడామడా తిట్టింది. "రేపు వేరే దవాఖానలో ఎమర్జెన్సీ అయితే? ఎవరి బ్లడ్ రిపోర్ట్ ఎవరికి చూస్తారు? చదువుకున్న మనిషివి కాదా?" అమ్మ తల ఊపుతనే ఉన్నది. నేను కూడ ఇవే తిట్లు తిట్టాలని ఎన్ని సార్లు అనుకున్న! ఇంకొకరు తిడుతుంటే మాత్రం చూడలేకపోయిన. "నేను కూడ చెప్పలేదు మేడం" అన్న.

షిప్ ఎక్కొచ్చా అని అడిగిన. గోలీలు తప్పకుంటే, నిద్ర తప్పకుంటే ఎక్కొచ్చన్నది. కొత్త చీటీ మీద రాసింది, తేజస్విని.

జూన్ 26, గురువారం

ఎల్లుండి ఆఖరు. సాయంత్రం కంపెనీ ప్రసన్నకుమార్ అంకుల్ ఫోన్ చేసిండు. టూర్ అంతా ఆయనే చూస్తడు. స్పీకర్ల ఉండె.

"యోగేందర్ గారూ, మీ ఒక్కరిదే పెండింగ్ అండి. పాలసీ కాపీ గ్రూపులో పెట్టేయండి, నేను లిస్టులో టిక్ పెట్టుకుంటాను."

గ్రూపుల నలభై ఇండ్లోళ్ళు ఉన్నరు. అందరు పెయింట్ డీలర్లే, అందరికి అందరు తెలుసు.

డాడీ ఫోన్ పెట్టేసి లాప్‌టాప్ తెరిచిండు. నేను కుర్చీల, డాడీ నా ఎనక, నానమ్మ సోఫాల. అమ్మ ఈసారి వంటింట్ల లేదు, నా పక్క కుర్చీల కూసున్నది.

"నేను ఆలోచన చేసిన బిడ్డా" అన్నడు. "మొదటి టికెట్ మార్చుకొని చెన్నైల పొద్దుగాల దిగి రూం తీసుకుందం. పొద్దంతా పండుకో. ముందే ఎందుకు పోయిన్రని ఎవరన్నా అడిగితే నాకు నడుం నొప్పి అని చెప్త. ఫారంల మాత్రం నో కొట్టు. ఎస్ కొడితే కాయితం మీద ఒస్తది, ఆ కాయితం గ్రూపుల పడుతది."

"నడుం నొప్పి నీకెక్కడిది డాడీ?"

"ఉన్నదనుకో. ఏమైతది?"

అమ్మ తన పేరు పెట్టింది. తాత తప్పు తనదన్నడు. ఇప్పుడు డాడీ తన నడుం ఇస్తనంటున్నడు. ఈ ఇంట్ల నా జబ్బు అందరికీ కావాలె. నాకు మాత్రం ఇయ్యరు.

"వారం రోజులు అమ్మను పట్టుకొని దాచిన్రు, దాచిన్రు అన్నరు గద" అన్న. "ఇదేంది మరి?"

"అది వేరే."

"ఎట్ల వేరే?"

నానమ్మ ఏదో అనబోయింది. అమ్మ, "అత్తమ్మా, జర ఆగుర్రి" అన్నది. అమ్మ అట్ల అనంగ నేనెప్పుడు ఇన్లె. నానమ్మ కూడ ఇన్లేదేమో, ఆగింది.

పేర్లు కొట్టిన. యోగేందర్, నో. స్వప్న, నో. తేజస్విని.

డాడీ చెయ్యి నా భుజం మీదికెళ్ళి మౌస్ మీదికి ఒచ్చింది. నేను మౌస్ ఇడవలె. చెయ్యి మీద చెయ్యి, ఇద్దరం అట్లనే ఉన్నం. నాకు మస్తు భయమైంది. డాడీ అంటే కాదు. ఎస్ అంటే. కొట్టిన. జబ్బు పేరు రాయమని ఒక డబ్బా తెరుచుకున్నది. రాసిన. స్పెల్లింగ్ ఒక్కసారికే ఒచ్చింది. డాక్టర్ పేరు, గోలీల పేర్లు, ఆఖరుసారి ఒచ్చిన తారీఖు. అన్నీ నిజాలు. రాస్తుంటే పళ్ళు గట్టిగ కరుచుకొని ఉన్నయని దవడ నొచ్చినంక తెలిసింది.

ప్రీమియం జర పెరిగింది. డాడీ కార్డ్ నంబర్ కొట్టిన. డాడీ ఫోన్‌కు ఓటీపీ పోయింది. టింగుమన్నది.

డాడీ ఫోన్ చేతుల పట్టుకొని నిలబడ్డడు.

"చెప్పు డాడీ."

స్క్రీన్ మీద సెకండ్లు తగ్గుతున్నయ్. అమ్మ కూడ డాడీ దిక్కే చూస్తున్నది. ఇరవై. పది. అయిపోయింది. మల్ల పంపు అని ఉన్నది, కొట్టిన. మల్ల టింగు.

"నేను చచ్చిపోతే ఏమని చెప్తవ్ గ్రూపుల?" అన్న. అనకూడదు. అన్న. "నడుం నొప్పి అని చెప్తవా?"

నానమ్మ "చీ, అవేం మాటలే" అన్నది. డాడీ కండ్లు ఒత్తుకున్నడు, అద్దాల కింద వేలు పెట్టి. రెండోది కూడ అయిపోయింది. మూడోది కొట్టిన. మూడు సార్లే ఇస్తడు, తర్వాత కార్డ్ లాక్ అయితది.

టింగు.

డాడీ ఫోన్‌ను దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసిండు. గొంతు సవరించుకున్నడు. షాపుకు ఒచ్చిన గిరాకీకి రంగు షేడ్ నంబర్ చెప్పినట్టు, ఒక్కొక్కటి, నిదానంగ.

"ఏడు" అన్నడు.

కొట్టిన.

"సున్నా."

కొట్టిన.

"సున్నా... నాలుగు..." ఆగిండు. నేను ఎనక్కి తిరగలె. మౌస్ ఇడిచిపెట్టి కీబోర్డు మీద రెండు చేతులు పెట్టుకొని కూసున్న.

"రెండు" అన్నడు. "తొమ్మిది. కొట్టు బిడ్డా, టైం అయిపోతది."